విదేశీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో తప్పు జరిగితే బాధ్యత ఎవరిది: బ్రాండుదా, ఫ్యాక్టరీదా?

శ్రీను_సప్లై:
యాపిల్‌కు టచ్‌స్క్రీన్లు చేసిచ్చిన వింటెక్ కంపెనీ సంగతే తీసుకోండి. చైనాలోని సుజౌ ఫ్యాక్టరీలో టచ్‌స్క్రీన్లు తుడవడానికి ఆల్కహాల్ మానేసి ఎన్-హెక్సేన్ అనే ద్రావకం వాడారు. 137 మంది ఆరోగ్యం పాడైందని 2011 నివేదికలో యాపిలే రాసింది. ద్రావకం మార్చింది ఫ్యాక్టరీ. మధ్యలో కొన్నవాడేం చేశాడు?

పద్మజ_కె:
ఎందుకు మార్చారో చెప్పకుండా వదిలేశారే శ్రీను గారూ. హెక్సేన్ ఆల్కహాల్ కన్నా త్వరగా ఆరుతుంది, అదే షిఫ్టులో ఎక్కువ స్క్రీన్లు తెములుతాయి. గాలాడని గదిలో ఆ ఆవిరి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి: ముందు వేళ్లూ పాదాలూ తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడవడమే కష్టమవుతుంది. తుది అసెంబ్లీలో (భాగాలన్నీ బిగించే చివరి దశలో) బెంజీన్, హెక్సేన్ ద్రావకాలు వద్దని యాపిల్ 2014 ఆగస్టులో చెప్పింది. ఆ మాట ముందే చెప్పకూడదా?

శ్రీను_సప్లై:
చెప్పాల్సింది అక్కడి లేబర్ ఆఫీసు.

బుల్లిరాజు77:
మళ్లీ మొదలెట్టారు ఇద్దరూ.

పద్మజ_కె:
సరే, పనిగంటలు చూద్దాం. చైనా చట్టంలో వారానికి 40 గంటలు, ఓవర్‌టైం (ఓటీ) నెలకు 36 మించకూడదు. అంటే వారానికి సుమారు 49. యాపిల్ తన సప్లయర్లకు పెట్టిన కోడ్‌లో గీసిన గీతేమో 60.

శ్రీను_సప్లై:
సగమే చెప్పారు. స్థానిక చట్టాన్ని దాటొద్దని కూడా అదే కోడ్‌లో ఉంది. చదివి రాయండి.

పద్మజ_కె:
చదివే రాస్తున్నా. గంటల నియమం ఎంతమంది పాటించారో యాపిల్ నివేదికలో శాతం కట్టేది దేని మీద? 60 మీద. వారం వారం 55 గంటలు నడిచిన లైను అక్కడ చట్టవిరుద్ధం, నివేదికలో మాత్రం పాస్!

శ్రీను_సప్లై:
ఆ 60 పట్టుకుని వేలాడుతున్నారు.

ఆడిట్_అనిత:
49 అయినా 60 అయినా పనిగంటల హాజరు కార్డులు నిజమైతేనే కదా. తనిఖీకి ఒకటి, జీతాలకు ఒకటి, రెండు సెట్లు పెట్టేవాళ్లుంటారు. లైను దాటిన పీసుల్ని ఒక్కో పీసుకు పట్టే సెకన్లతో గుణించండి, షిఫ్టు గంటలతో పోల్చండి. దొంగ లెక్క అక్కడే దొరుకుతుంది.

రమణ_ఎస్:
2012లో ఫ్యాక్టరీల్లో పని పరిస్థితులు పరిశీలించే ఫెయిర్ లేబర్ అసోసియేషన్, యాపిల్ ఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ కార్మికుల్ని అడిగితే, మూడో వంతు మంది ఇంకా ఎక్కువ గంటలు కావాలన్నారు. జీతం కనీసావసరాలకు చాలట్లేదన్నవాళ్లు సగానికి పైనే. మూల వేతనం పెంచకుండా 49కి దించితే వాళ్ల జేబుకే చిల్లు.

శ్రీను_సప్లై:
అదీ మాట! కార్మికుడే అడుగుతుంటే మీకెందుకు నొప్పి?

పద్మజ_కె:
కడుపు నిండక అడిగేదాన్ని ఇష్టమంటారా? సిగ్గుండాలి. పీసు ధరలో కూలి వాటా 49 గంటల మీద కట్టాలి, ఆ తేడా బ్రాండు భరించాలి. ఆఖరి వారంలో ఆర్డరు పెంచితే దానికీ వేరే రేటు కట్టాలి.

శ్రీను_సప్లై:
ధర పెరిగితే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. లైను మూతపడితే మీ 49 గంటలెవరికి?

పద్మజ_కె:
అంటే తప్పు ఫ్యాక్టరీదని కాదన్నమాట మీ వాదన. ఖర్చు ఎవరి మీదా పడకూడదు, అంతేగా! పొద్దుట్నుంచీ హెక్సేన్ గురించి మాట్లాడించారు.

శ్రీను_సప్లై:
పడితే ఫ్యాక్టరీ లాభంలోంచి పడాలంటున్నా.

రమణ_ఎస్:
అసెంబ్లీలో మిగిలే లాభమెంతో తెలిసే అంటున్నారా?