తెలుగులో పైథాన్ క్లాసు పేరు: పెద్దబడి (క్యాపిటల్) అక్షరం ఎక్కణ్ణుంచి తేవాలి?

మా అమ్మాయి సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు కదా అని సరదాగా తెలుగులోనే రాయిస్తున్నాను. రెండుచోట్ల ఆగిపోయాం. బ్యాంక్‌ఖాతా అని క్లాసు (ఒకే రకం వస్తువులన్నిటికీ అచ్చు లాంటిది) రాస్తే ఎర్రర్, అక్షరాలన్నీ చూడ్డానికి బాగానే ఉన్నాయి. రెండోది, క్లాసు పేరులో ప్రతి మాటా పెద్దబడితో మొదలవ్వాలి, ఫంక్షను (ఒక పని చేసిపెట్టే కోడు ముక్క) పేరంతా చిన్నబడిలో ఉండాలి అంటుంది పైథాన్ రాసే పద్ధతి చెప్పే పెప్ 8. మనకి ఆ రెండూ లేవాయె!

జవాబు 1: ఎర్రర్ సంగతి తేలికేనండీ. మీ పేరులో క్‌కీ ఖాకీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటుంది. అది లేకపోతే ఖ పోయి క కింద ఒత్తయి కూర్చుంటుంది. పైథాన్ పేర్లలోకి దాన్ని రానివ్వదు. ఉకారం చేర్చి బ్యాంకుఖాతా అనండి, సరిపోతుంది. మన పెద్దవాళ్ళు బస్సు, కారు, బ్యాంకు అన్నట్టే. అచ్చుతో ముగిసే మాటకి అతుకు బెడద లేదు.

జవాబు 2: ఇంగ్లీషులో మాటలు ఎక్కడ అతుక్కున్నాయో పెద్దబడి చూపిస్తుంది; తెలుగులో ఆ అతుకు సంగతి సమాసం చూసుకుంటుంది, నిజమే. కానీ పెద్దబడికి ఇంకో పనుంది, అదే అసలు చిక్కు. ఇంగ్లీషులో క్లాసూ, దాన్నుంచి పుట్టిన వస్తువూ ఒకే మాట, మొదటి అక్షరమే తేడా. తెలుగులో అలాగే రాసి చూడండి:

ఖాతా = ఖాతా()

మొదటిసారి నడుస్తుంది. ఆ లైనుతోనే ఖాతా అన్న పేరు వస్తువుకి పోయి, క్లాసుకి పేరు లేకుండా పోతుంది. రెండో ఖాతా తెరవబోతే ఎర్రర్. నేనైతే ఈ_ఖాతా = ఖాతా() అంటాను. ఉత్త ఖాతా అంటే జాతి, ఈ ఖాతా అంటే ఒకానొకటి. రోజూ మాట్లాడేటప్పుడు మనం చేసేది అదే కదా.

జవాబు 1: వస్తువుకి ముందు ‘ఈ’ పెట్టడం బాగుందండీ. నేను క్లాసులకి ముందు క_ అని తగిలించేవాణ్ణి, చదవబోతే నత్తిలా ఉండేది.

పోస్టు రాసినవారు: ఇద్దరికీ థాంక్సండీ, రెండూ పనిచేశాయి. క్లాసు పేరు నామవాచకం, ఫంక్షను పేరు క్రియ అని చెబితే మా అమ్మాయి డబ్బు_వెయ్యి అని రాసింది. మర్నాడు తనే చదివి, "నాన్నా, ఇందులో వెయ్యి రూపాయలు ఎవరు వేశారు?" అంది. ఇప్పుడది జమ_చెయ్యి.