కథలో మనిషి ‘మా ఊరు’ అంటే కరపత్రం చదివినట్టు ఎందుకుంటోంది?

కదిరి_కోడలు:

నాది తెనాలి. పెళ్లయ్యాక కదిరి, ఉద్యోగాల మూలాన బెంగళూరు. పదకొండేళ్లుగా హనుమంతనగర్‌లో ఉంటున్నాం. మా ఆయన భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద అన్నం, రెండో ముద్ద కదిరి. చట్నీ తిన్నా, కుంకుమ కొన్నా, రోడ్డు మీద మర్రిచెట్టు కనబడినా ఆ ఊరు వచ్చి తీరాల్సిందే. 2022లో జిల్లా మారి శ్రీ సత్యసాయి అయింది కదా, ఫారాల్లో అలాగే రాస్తారు గానీ నోటితో ఇప్పటికీ ‘అనంతపురం జిల్లా’నే.

ఆయన్ని చూసే ఒక కథ మొదలుపెట్టాను. ఓబుళేసు అని వేరుశెనక్కాయలు అమ్మే మనిషి. కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి ముందు కడలెకాయి పరిషె, అంటే వేరుశెనక్కాయల తిరునాళ్ల, జరుగుతుంది కదా, దానికి బస్తాలతో వస్తాడు. పక్కన కర్ణాటకలోని చింతామణి నుంచి వచ్చినవాడు కాయలు గుట్టపోసుకుని కూర్చుంటాడు. అతనితో మనవాడు తన ఊరి గొప్ప చెబుతాడు. పేజీ నిండా చెప్పించాను. తిమ్మమ్మ మర్రిమాను ఒక్క చెట్టే దాదాపు ఐదెకరాలు పాకిందనీ, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిందనీ. ఖాద్రి నరసింహుడి తేరు కదిలితే జనం దవనం, మిరియాలు చల్లుతారనీ. కటారుపల్లిలో వేమన సమాధి ఉందనీ. దేశమంతా వేసే కె-6 వేరుశెనగ విత్తనం పుట్టింది మా కదిరి పరిశోధన కేంద్రంలోనే అనీ. రాస్తుంటే, పుట్టింది అక్కడ కాకపోయినా, నాకే ఒళ్లు పొంగింది.

ఆయన చదివి కాగితాలు బల్ల మీద పెట్టేశారు. “ఏమ్మే, ఇది మా ఊరు కాదు. టూరిజమోళ్లు బస్టాండులో అంటించే కాగితం. కదిరోడు యాడన్నా ఇట్ల మాట్లాడతాడా?” అన్నారు. రోజూ సరిగ్గా ఇట్లాగే మాట్లాడే మనిషి!

కోపం వచ్చింది గానీ మళ్లీ చదివితే ఆయన అన్నది నిజమే అనిపించింది. ఒక్క మాటా అబద్ధం కాదు, అయినా మనిషి కనబడటం లేదు. మీరు చదివినవాటిలో ఊరంటే గర్వపడే పాత్ర ఎవరు మిమ్మల్ని నమ్మించారు? ఎందుకు నమ్మారు? ‘బాగుంది, కొనసాగించండి’ అని మాత్రం రాయకండి. పరిషెకి ఇంకా పది రోజులుంది, ఈలోగా సరిచేసుకోవాలి.

నరసాపురం_పాసింజరు:

మారతహళ్ళి నుంచి నమస్కారమండి. ఈ ప్రశ్నకి మా వైపు వాళ్లం కాక ఇంకెవరు జవాబు చెబుతారు! మొక్కపాటి నరసింహశాస్త్రి గారి నవలలో బారిష్టర్ పార్వతీశం ఉన్నాడు కదండి. మొదటి భాగం 1924 నాటిది, మా ఇంట్లో మూడు తరాలు చదివి అట్టలూడగొట్టాం. ఆయనది మొగలితుర్రు, మా నరసాపురానికి కూతవేటు దూరం. ఇప్పుడు మొగల్తూరంటే చిరంజీవి ఊరంటారు గానీ మా తాతగారికి మాత్రం చివరిదాకా పార్వతీశం ఊరే. నిజం మనిషి కాదు, కల్పించిన పాత్ర అని చెబితే ఆయనకి కోపం వచ్చేది.

అతను ఊరి గొప్ప చెబుతుంటే మనకి విసుగు రాదు. ఎందుకంటే చెప్పే మనిషి ఎలాంటివాడో రచయిత మనకి పక్కనుంచి చూపిస్తూనే ఉంటాడు. మగవాళ్ల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న కుర్రాడండి అతను! మొగలితుర్రు, నరసాపురం దాటి పెద్దగా ఏమీ చూడనివాడు ఎడింబరో దాకా వెళ్లాడు. లోకంలో ఏది ఎదురైనా ఊరి తూకంరాళ్లతోనే తూస్తాడు. మనం నవ్వుతాం, నవ్వుతూనే అతని పక్షాన ఉంటాం.

మీ ఓబుళేసుకి తప్పు చేసే వీలు ఇవ్వలేదండి మీరు. ఐదెకరాలు, 1989 అని రికార్డు పుస్తకంలో ఉన్నట్టు చెబుతున్నాడు. యాభై ఎకరాలనీ, అమెరికావాళ్లు విమానంలోంచి చూసి అడవనుకున్నారనీ చెప్పమనండి. అప్పుడు వాడు మనిషి. మావాళ్లెవరూ పులస చేప గురించి నిజం చెప్పగా నేను వినలేదు.

ఎనిమిదో_క్రాస్:

మాది మల్లేశ్వరం. ముత్తాత కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చాం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. నాకు ‘మా ఊరు’ అంటే ఏ ఊరో ఇప్పటికీ తేలలేదు కాబట్టి నా మాట కొంచెం తగ్గించి వినండి.

పైన చెప్పినదానితో నాకు పేచీ ఉంది. అబద్ధం ఆడిస్తే నవ్వొస్తుంది, నమ్మకం రాదు. మాల్గుడి చూడండి. ఆర్.కె. నారాయణ్ 1935లో స్వామి అనే పిల్లాణ్ని ఆ ఊళ్లో పెట్టారు. ఆ పిల్లాడికి లెక్కల భయం, క్రికెట్ పిచ్చి, నాన్న భయం. మాల్గుడి ఎంత గొప్పదో చెప్పే తీరిక అతనికి ఎక్కడిది? అయినా లేని ఆ ఊరి కోసం ఉన్న ఊళ్లు కొట్టుకుంటాయి. మైసూరువాళ్లు మాదంటారు. మల్లేశ్వరంలోంచి ‘మల్’, బసవనగుడిలోంచి ‘గుడి’ తీశారని మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన కూడా బల్లగుద్ది చెబుతాడు. నారాయణ్ మాత్రం తనకి ముందు ఒక చిన్న రైల్వే స్టేషనే మనసులో మెదిలిందని చెప్పుకున్నారు. కన్నడ దర్శకుడు శంకర్ నాగ్ ఆ కథల్ని టీవీకి తీసినప్పుడు ఆగుంబె మాల్గుడి అయింది. రైలు సన్నివేశాలు తీసిన అరసాళు స్టేషన్లో ఇప్పుడు మాల్గుడి పేరుతో మ్యూజియమే ఉంది. పాత్రలు మిగిల్చిన గర్వమంతా చదివినవాళ్లు పంచుకున్నారు.

నేనైతే ఓబుళేసుతో ఆ పేజీ మొత్తం కొట్టేయిస్తాను. గోనెసంచి ఎలా విప్పాడు, కాయ చిదిమి గింజ ఎలా చూపించాడు, చింతామణి మనిషికి తన సద్ది పెట్టాడా లేదా, అంతే. మర్రిమాను పేరే వద్దు.

నరసాపురం_పాసింజరు:

పేరే వద్దంటే ఎలాగండి! కదిరోడు మర్రిమాను ఎత్తకుండా ఉండటం, మావాడు గోదారి ఎత్తకుండా ఉండటం ఎక్కడైనా ఉందా? అది ఇంకా పెద్ద అబద్ధం.

నాగావళి_గట్టు:

నేను శ్రీకాకుళం. పీణ్య ఫ్యాక్టరీల పేటలో షిఫ్టు అయ్యాక రాస్తున్నాను, మాట కాస్త గట్టిగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఊరి గర్వం అనగానే నాకు గుర్తొచ్చేది సుందరపాలెం, కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’లో ఊరు. బాగుపడిన ఊరని పేరు. దాన్ని అలా చేసిన పెద్దమనిషి శ్రీరాములు నాయుడు, నిజంగా ఊరి మంచి కోరినవాడే. అప్పల్రాముడి అప్పు తగువు పంచాయితీకి వస్తుంది. మాటలు నడిచేకొద్దీ, ఈ ఊరు బాగుపడిందంటే ఎవరు బాగుపడ్డారు అన్న ప్రశ్న చదివేవాడి గొంతులో అడ్డం పడుతుంది. చివర ఏమవుతుందో చెప్పను, చదవనివాళ్లుంటే చదవండి. నేను మొదటిసారి చదివిన రాత్రి అన్నం తినలేదు.

అందుకని అమ్మా, ఒక్క సంగతి అడుగుతాను. ఓబుళేసుకి సొంత చేను ఉందా? కౌలా? ఆ కె-6 విత్తనం కొన్నది ఏ అప్పుతో? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మీది. అందులోనూ పూతకి పడాల్సింది కోతకి పడుతుంది. కాయ ఊళ్లోనే అమ్ముడుపోతే బసవనగుడి ఫుట్‌పాత్ మీద రెండు రాత్రులు ఎందుకు పడుకుంటాడు? ఊరి గురించి అంత గొప్పగా చెప్పేవాడు ఆ ఊళ్లో ఎందుకు లేడన్నది మీ కథలో ఎక్కడా లేదు. మీ ఆయన ‘ఇది మా ఊరు కాదు’ అన్నది బహుశా దానికే.

నేనూ అంతే. క్యాంటీన్లో మా నాగావళి, మా అరసవల్లి అని ఊదరగొడతాను. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం మా అమ్మకి ‘ఇక్కడే బాగుంది’ అని చెబుతాను.

కదిరి_కోడలు:

అందరికీ దండాలు. జవాబు ఆలస్యమైంది, నిన్ననే పరిషె అయింది. నాగావళి గారూ, మీరు అడిగినవాటిలో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేకపోయింది. అందుకే ఆ పేజీ అంతా కొట్టేసి, ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

రామకృష్ణ ఆశ్రమం దగ్గర్నుంచే జనం. గుడి దాకా రెండు పక్కలా కాయల గుట్టలు, పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. ఒకచోట అరవై దాటిన అవ్వ తెలుగులో మనవణ్ని తిడుతోంది. ఈయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. “యా ఊరు మా మీది?” అన్నారు. తనకల్లు పక్కనంట. “మాది కదిరే” అన్నారీయన. ఇంక మొదలవుతుంది మర్రిమాను అని నేను ఫోన్లో రాసుకోడానికి సిద్ధమయ్యాను.

“ఏం కదిరి నాయినా” అందావిడ. “వాన లేదు, సుక్క లేదు. బోరు ఏస్తే దుమ్మొచ్చింది. పోయినేడు పెట్టుబడంతా మట్టిలో పోసినట్లాయె.” ఈయన ఊరుకుంటారా? కరెంటు, రోడ్లు, పెళ్లికి పిల్లనివ్వని సంబంధాలు, ఎండకి పగిలే చెరువు, అన్నీ కలిపారు. ఇద్దరూ పావుగంట సేపు ఆ ఊరిని చీల్చి ఎండేశారు. నేను రాసుకున్నది ఒక్క ముక్క లేదు.

ఇంతలో టీషర్టు కుర్రాడొకడు వంగి, కాయ చిదిమి నోట్లో వేసుకుని, పక్కనున్న స్నేహితురాలితో “చప్పగా ఉన్నాయి, ఇవెక్కడివో గాని చింతామణి కాయల్లా లేవు” అన్నాడు. తెలుగువాడే. అవ్వ అప్పటికే సేరు నిండా కొలిచి అతని సంచి వైపు వంచుతోంది. చెయ్యి ఆగింది. సేరు తిప్పి గుట్టలోనే పోసేసి, “ఇయ్యి నీకు పడవులే సామీ, ముందుకు పో” అంది. బేరం పోయినందుకు మొహంలో చిన్న ముడత కూడా లేదు.

ఆ కుర్రాడు వెళ్లబోతుంటే ఈయన భుజం మీద చెయ్యేసి ఆపారు. “తమ్ముడూ, ఒక్క నిమిషం” అని మొదలుపెట్టారు. కె-6 ఎక్కడ పుట్టింది, మర్రిమాను ఎన్నెకరాలు, గిన్నిస్‌లోకి ఏ సంవత్సరం ఎక్కింది, తేరు మీద మిరియాలు, వేమన సమాధి. నేను కొట్టేసిన పేజీ, అదే వరసలో! పాసింజరు గారూ, చెట్టు ఏడెకరాలైంది.

మూడు సేర్లు కొన్నాం. మా ఊరివాళ్లేనని ఆ అవ్వ ఒక్క రూపాయి తగ్గించలేదు.