సరిహద్దుకి ఇటు పక్కున్నవాళ్లు ఈమధ్య ఏం చదువుతున్నారు?

పర్లాకిమిడి_కుర్రోడు
అందరికీ నమస్తే. హైదరాబాద్ వాళ్ల లిస్టులు చూసి చూసి విసుగొచ్చింది, ఎవర్నడిగినా అవే నాలుగు పుస్తకాలు. అందుకే ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉంటూ తెలుగు చదివేవాళ్లని అడుగుతున్నా, ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

నేనైతే తాపీ ధర్మారావు గారి ‘రాలూ రప్పలూ’ చదువుతున్నా. ఆత్మకథ. ఆయన 1887లో బరంపురంలో పుట్టారు, మా ఊళ్లో చదువుకున్నారు, ఇక్కడే గిడుగు రామమూర్తి గారి శిష్యుడయ్యారు. ఆ ఊపులో గిడుగు వారి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ కూడా తీశాను. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులు ఆ గ్రాంథికాన్నే తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని ఒక్కొక్కరి వాక్యాలూ ఎత్తి చూపిస్తాడు. వ్యాకరణం రాని నాలాంటివాడికి సగం ఎక్కదు గానీ ఆ కసి మాత్రం బాగా ఎక్కుతుంది.

ఇంకో మాట. నేను చదివిన తెలుగు కథలేవీ పాతపట్నం దాటి ఇటు రావు. మన కొండల గురించి ఒడియాలో ఎవరైనా బాగా రాశారా?

రాయగడ_అక్క
గోపీనాథ్ మహంతి పేరు వినలేదా తమ్ముడూ? ముందు ‘పరజా’ చదువు, 1945 నాటి నవల. నాది ఒడియా మీడియం కాబట్టి ఒడియాలోనే చదివాను, ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాను. కోరాపుట్ కొండల్లో సుక్రు జాని, అతని ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఫారెస్ట్ గార్డు సుక్రు కూతురి మీద కన్నేస్తాడు, కుదరకపోయేసరికి అడవి నరికారని కేసు, జరిమానా, అది కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు, ఆ అప్పు కింద ఆ సాహుకారు దగ్గరే గోతి, అంటే అప్పు తీరేదాకా వెట్టి చాకిరీ. మహంతి గారు కోరాపుట్ వైపు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి, ఏ కాగితం ఎవరి మెడకి ఎలా చుట్టుకుంటుందో దగ్గర్నుంచి చూసి రాశాడనిపిస్తుంది. మధ్యలో పండగలూ పాటలూ పేజీలకి పేజీలు వస్తాయి, మా ఆయన అక్కడే ఆపేశాడు, నాకేమో అవే ఇష్టం.

ఒడియా రాకపోతే పురిపండా అప్పలస్వామి గారి అనువాదం ‘అమృత సంతానం’ వెతుకు. అదీ మహంతిదే, కంధులనే కొండజాతి వాళ్ల మీద రాసింది. 1955లో ఒడియాకి మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. పాత లైబ్రరీల్లో అడగాలి.

బరంపురం_రిటైర్డ్
అమ్మాయి చెప్పిన ‘పరజా’ అయ్యాక వెంటనే కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) ‘యజ్ఞం’ చదవండి, ఇదివరకు చదివినా సరే. 1964లో వచ్చిన కథ, శ్రీకాకుళం పల్లె. అక్కడా అప్పే, ఇక్కడా అప్పే. అయితే ‘పరజా’లో సాహుకారు దుర్మార్గుడని మనకి ముందే తెలిసిపోతుంది, కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలుస్తుంది. ‘యజ్ఞం’లో ఆ సుఖం లేదు. అప్పిచ్చిన గోపన్న చెడ్డవాడు కాడు, తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు ఊరు బాగుపడాలని పాటుపడిన పెద్దమనిషి, లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి, అయినా అప్పల్రాముడి కుటుంబం మునిగిపోతుంది. నా మటుకు నాకు ‘యజ్ఞం’ ఇంకా పెద్ద రచన. చివర్న కొడుకు సీతారాముడు

పర్లాకిమిడి_కుర్రోడు
మాస్టారూ, అక్కడితో ఆపండి దయచేసి!! నేనింకా చదవలేదు.

బరంపురం_రిటైర్డ్
సరే సరే. కానీ పర్లాకిమిడిలో ఉండి శ్రీకాకుళం కథ చదవకపోవడం ఏమిటయ్యా.

సిరొంచ_గోదారి
మహారాష్ట్ర నుంచి నేనొక్కణ్ణేనా? మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నా, అందుకే నవల అంటే భయం, చిన్న కథలైతే లాగించేస్తా. ఈమధ్య చదివింది మరాఠీలో వ్యంకటేశ్ మాడ్గూళ్కర్ ‘బనగర్‌వాడి’. గొర్రెల కాపర్ల ఊరికి కుర్ర పంతులు వస్తాడు, బడి నిలబెడతాడు, తర్వాత కరువు. మా వైపు ఊరు కాదు, పశ్చిమ మహారాష్ట్రలో మాణదేశం అనే కరువు సీమ, అయినా ఆ పంతుల్లాంటివాళ్లని ఇక్కడ చూశాను. సన్నటి పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోతుంది. అన్నా, ఆ ‘యజ్ఞం’ ఎంత ఉంటుంది? నాలాంటివాడికి తేలుతుందా?

రాయగడ_అక్క
కథే గానీ పొడుగ్గా ఉంటుంది, పైగా మాటలన్నీ శ్రీకాకుళం యాస. నీకు మొదట్లో కష్టమే తమ్ముడూ. శ్రీకాకుళంలో కారా మాస్టారు పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం ఉంది కదా, వాళ్ల వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు, డబ్బులేం అడగరు. ముందు వాటిలో రెండు మూడు పేజీల కథలు పట్టు.

పర్లాకిమిడి_కుర్రోడు
అక్కా, మీ ‘పరజా’ అయ్యాక ఇస్తారా? నాకూ ఒడియా వచ్చు, స్కూల్లో ఇష్టం లేకుండా నేర్చుకున్నది ఇన్నాళ్లకి పనికొస్తోంది. బదులుగా ‘రాలూ రప్పలూ’ ఇస్తా. గుణుపురం రైలెక్కి వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో పంపండి, స్టేషన్‌కొచ్చి తీసుకుంటాను. అట్ట మీద టీ మరక ఉంది, అది నాది కాదు, కొన్నప్పుడే ఉంది.