వాక్యూమ్ పెట్రోల్ ట్యాప్ తీసేసి మాన్యువల్‌ది పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. నా దగ్గర 1990ల నాటి జపాన్ బైక్ ఉంది, రెండు సిలిండర్లు, కార్బ్యురేటర్ల బండి. దాని పెట్రోల్ ట్యాప్ వాక్యూమ్‌ది, అంటే ఇంజిన్ పీల్చినప్పుడే తెరుచుకునేది. దానికి ఆఫ్ లేదు; ఆన్, రిజర్వ్, ప్రైమ్ (ఇంజిన్ పీల్చకపోయినా పెట్రోల్ వదిలేది) మాత్రమే. ఆన్‌లో కాసేపు నడిచి ఆగిపోతోంది, ప్రైమ్‌లో పెడితే మాత్రం చక్కగా నడుస్తోంది. ట్యాప్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు పీకి చూస్తే లోపల పెట్రోల్ తడి ఉంది. ట్యాప్ లోపలి డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగిందనే అనుకుంటున్నా. ఆ పైపులోంచి పెట్రోల్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఇంజిన్ ఆయిల్‌లోకి దిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అందుకే బండి బయటికి తీయడం లేదు.

రిపేర్ కిట్ వేయడం కంటే మామూలు ఆన్-ఆఫ్-రిజర్వ్ ట్యాప్ బిగించడమే మేలనిపిస్తోంది. బోల్టుల మధ్య దూరం 44 మి.మీ. ఉంది. అది సరిపోతే చాలా, లేక ట్యాంకు లోపలి రిజర్వ్ గొట్టం ఎత్తు కూడా చూసుకోవాలా? ఇంజిన్ వైపు వాక్యూమ్ నాజిల్‌ని మూయకపోతే గాలి లాగుతుందని తెలుసు. వేడికి పగలకుండా రబ్బరు టోపీ ఆగుతుందా, స్క్రూ వేసి మూయాలా? ఇంకొకటి, ఆఫ్ చేయడం మరిచిపోయిన రోజు కార్బ్యురేటర్ నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కారితే ఏం చేస్తారు? ఇలా మార్చుకుని నడుపుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.