పిల్లల కోసం ‘లెలిసిర్ దామోరె’ను గంటకు కుదించేటప్పుడు ఏవి తీసేయవచ్చు?

ప్రశ్న

8 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం, ఇటలీ స్వరకర్త దొనిజెట్టి 1832లో మిలాన్‌లో తొలిసారి రంగస్థలానికి ఎక్కించిన ‘లెలిసిర్ దామోరె’ (ప్రేమౌషధం) ఒపెరాను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, గంట నిడివికి కుదిస్తున్నాము. అదీనాను ప్రేమించిన పేద రైతు నెమొరీనో, దుల్కమారా అనే దొంగ వైద్యుడి దగ్గర ప్రేమౌషధమని నమ్మి కొన్నది నిజానికి బోర్డో ద్రాక్షసారా కావడంతో మా బృందంలో చర్చ మొదలైంది. సారాను పళ్లరసంగా మార్చాలని, నెమొరీనో డబ్బు కోసం సైన్యంలో చేరే ఘట్టాన్ని తీసేయాలని, అదీనా కన్నీటిని చూసి నెమొరీనో నెమ్మదిగా పాడే ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ (దాచుకున్న ఒక కన్నీటి చుక్క) పాటలో ఒక చరణమే ఉంచాలని కొందరు అంటున్నారు. అనుభవజ్ఞుల అభిప్రాయం కావాలి.

మొదటి జవాబు

సైన్యం ఘట్టాన్ని మాత్రం దయచేసి తీయకండి. రెండో సీసా కొనడానికి డబ్బు లేక, ఇరవై స్కూడీల (ఆనాటి ఇటలీ నాణేల) కోసం నెమొరీనో తన స్వేచ్ఛనే అమ్ముకున్నాడని తెలిసినప్పుడే కదా అదీనా మనసు పూర్తిగా కరిగేది. తరువాత ఆ ఒప్పంద పత్రాన్ని ఆమె తిరిగి కొని అతని చేతిలో పెట్టేది కూడా అందుకే. ఆ ఘట్టం పోతే ఆమె కంటనీరు కారణం లేనిదవుతుంది, పెళ్లి ఊరికే జరిగిపోతుంది. యుద్ధాన్ని వేదిక మీద చూపించనక్కరలేదు. అదీనాను పెళ్లాడాలని చూసే సార్జెంటు బెల్కోరే ముందు అతను ఒక కాగితం మీద గుర్తు పెట్టడం చాలు, ఎంత పెద్ద మాట ఇచ్చేశాడో పిల్లలకు అర్థమవుతుంది. నిడివి తగ్గించాలంటే రెసిటేటివ్‌లలోను (మాటల్లా పాడే భాగాల్లోను), బృందగానాల్లో పదే పదే వచ్చే చరణాల్లోను, బెల్కోరే ప్రగల్భాల్లోను చాలా చోటు దొరుకుతుంది.

రెండవ జవాబు

పై మాటతో ఏకీభవిస్తూ, పాట గురించి చెప్పాలనుకుంటున్నాను. ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ బస్సూన్ అనే ఊదే వాద్యం ఒంటరి స్వరంతో, విషాదంగా వినిపించే బి ఫ్లాట్ మైనర్ స్వరశ్రేణిలో మొదలవుతుంది. రెండు చరణాలూ మైనర్‌లోనే ప్రారంభమైనా, అదే ఉల్లాసంగా వినిపించే బి ఫ్లాట్ మేజర్‌గా మారి వెలుగు విచ్చుకోవడం రెండో చరణంలోనే జరుగుతుంది. ఒక్క చరణంతో ఆపితే వినేవాళ్లకు దక్కవలసిన ఆ మలుపు దక్కదు. పాటంతా అయిదు నిమిషాల లోపే కనుక, దానికి ముందు సంగీతం వేగంగా, సందడిగా ఉంటే పిల్లలు తప్పకుండా నిశ్శబ్దంగా వింటారని నా నమ్మకం. పియానో ఒక్కటే వాడే ఉద్దేశం ఉంటే, కనీసం ఈ పాటకైనా ఒక బస్సూన్ వాద్యకారుణ్ణి పిలిపించండి.

మూడవ జవాబు

సారా సంగతిలో నేను పళ్లరసాన్నే సమర్థిస్తాను, అయితే భయంతో కాదు. తాగిన మైకం తీసేస్తే నెమొరీనో ఒక్కసారిగా హుషారెక్కి అదీనాను లెక్కచేయకుండా పాడుకోవడానికి మిగిలే కారణం అతని నమ్మకం ఒక్కటే, నాటకానికి అది ఇంకా బలం. దుల్కమారా అసలు రహస్యాన్ని పక్కకు తిరిగి ప్రేక్షకులకు చెప్పే మాటను, మందు ఒక రోజు తరువాతే పనిచేస్తుందని తాను పారిపోవడానికి గడువు పెట్టుకునే మాటను తప్పక ఉంచండి. ఆ రెండూ విన్న పిల్లలు నెమొరీనో కంటే ఎక్కువ తెలిసినవాళ్లై, అతన్ని హెచ్చరించాలని తహతహలాడతారు. వాళ్లను కథలో పట్టి ఉంచేది ఆ తహతహే. అదే విధంగా, అతని మామయ్య చనిపోయి ఆస్తి వచ్చిందని తెలిసిన ఊరి అమ్మాయిలు చుట్టుముట్టగా, అది మందు మహిమేనని అతను సంబరపడే ఘట్టాన్ని కూడా వదలకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సైన్యం ఘట్టం, పాట రెండు చరణాలూ ఉంటాయి. దుల్కమారా గుక్క తిప్పుకోకుండా తన మందును పొగుడుకునే పాట వేగంగా నడుస్తుంది కనుక దాన్ని తెలుగులోను, నెమొరీనో పాటను ఇటాలియన్‌లోనే ఉంచి పాడిస్తే బాగుంటుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

బాగుంటుందండి. దుల్కమారా మాటలు అర్థం కాకపోతే హాస్యం నిలవదు. నెమొరీనో పాటకు ముందు మాత్రం, అదీనా కన్నీటిని తాను చూశానని అతను ఒక్క వాక్యం తెలుగులో పలికితే సరిపోతుంది.