పాత ఆర్గన్ భాగాలతో తిరిగే స్పీకర్ పెట్టె: థర్మోకోల్ డ్రమ్ ఒక్కటే చాలునా, హారన్ కూడా కావాలా?

కొలంబస్ కీబోర్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాను. మా తెలుగు సంఘపు ఆదివారం ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు కీబోర్డు వాయిస్తాను. కీబోర్డులోని ఆర్గన్ స్వరాలు బాగానే ఉన్నా, శబ్దాన్ని గదిలో చుట్టూ తిప్పే లెస్లీ స్పీకర్‌ను అనుకరించే ఎఫెక్ట్ మాత్రం ఎంత సవరించినా ఒకే చోట నిలబడి ఊగుతున్నట్టు వినిపిస్తుంది. గదిలో శబ్దం చుట్టూ తిరిగిన భావన రాదు. అసలైన లెస్లీ పెట్టె కొనడం నాకు ఖర్చులోనూ మోయడంలోనూ భారమే.

ఇటీవల ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం 1970ల నాటి, స్పినెట్ అనే చిన్న ఇంటి ఆర్గన్‌ను ఉచితంగా ఇచ్చింది. కీలలో సగం పలకడం లేదు, క్యాబినెట్ అడుగు చెమ్మకు ఉబ్బిపోయింది. కాని వెనుక పలక విప్పి చూస్తే తిరిగే స్పీకర్ భాగం పూర్తిగా ఉంది: కదలకుండా బిగించిన ఒక స్పీకర్, దాని ముఖానికి ఎదురుగా ఒక పక్క తెరిచి ఉన్న థర్మోకోల్ డ్రమ్, బెల్టు, ఒకదానిమీద ఒకటి అమర్చిన రెండు చిన్న మోటార్లు. వీటిని విప్పి విడి పెట్టెగా కట్టాలని ఉద్దేశం.

నా సందేహాలు ఇవి. పెద్ద లెస్లీలలో పైన హారన్ (కొమ్ము ఆకారపు గొట్టం), కింద డ్రమ్ రెండూ తిరుగుతాయి కదా. ఈ ఒక్క డ్రమ్‌తో సంతృప్తి పడాలా, లేక హారన్ కూడా తయారుచేసుకోవాలా? పాత మోటార్లనే వాడవచ్చునా? ఆర్గన్‌లో ఉన్న యాంప్లిఫయర్ ఈ పెట్టెకు పనికివస్తుందా?

పాత రేడియోల రిపేరు, టొరంటో

ముందుగా ఒక మాట. అది తిరిగే పళ్ల చక్రాలతో స్వరాలు పుట్టించే హామండ్ వారి టోన్‌వీల్ ఆర్గన్ అయితే, ముఖ్యంగా 1954లో వచ్చిన బి-3 వంటిదైతే, దాన్ని విప్పవద్దని బతిమాలేవాణ్ణి. మీరు చెప్పినది ట్రాన్సిస్టర్ స్పినెట్‌లా ఉంది కనుక నిశ్చింతగా విప్పండి. ఉత్తర అమెరికాలో అలాంటివాటిని మోసుకుపోయేవారు దొరికితే చాలని ఇంటివారు ఎదురుచూస్తుంటారు.

హారన్ జోలికి పోవద్దని నా సలహా. ఎందుకో చెప్పాలంటే ఈ యంత్రం చేసే పని ఏమిటో చూడాలి. డొనాల్డ్ లెస్లీ కనిపెట్టిన పద్ధతిలో స్పీకర్ కదలదు, దాని శబ్దం బయటికి వచ్చే దారి మాత్రమే తిరుగుతుంది. ఆలెన్ అనే ఆర్గన్ల సంస్థ గైరోఫోనిక్ పద్ధతిలో స్పీకర్లనే పలకకు బిగించి తిప్పేది. అందుకు తిరిగే భాగానికి విద్యుత్తు అందించే స్లిప్ రింగులు కావాలి, అవి అరిగితే గరగర మొదలవుతుంది. మీకు దొరికినది లెస్లీ పద్ధతి కావడం అదృష్టం.

శబ్దం వెలువడే నోరు మనవైపు వస్తున్నప్పుడు శ్రుతి కొంచెం పెరుగుతుంది, దూరమవుతున్నప్పుడు తగ్గుతుంది. డ్రమ్ నోరు కేంద్రం నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండి, నిమిషానికి 400 సార్లు తిరుగుతోందనుకోండి. నోటి వేగం సెకనుకు దాదాపు 6.3 మీటర్లు. గాలిలో శబ్దవేగం సుమారు 343 మీటర్లు కనుక శ్రుతిలో మార్పు 1.8 శాతం, అంటే పక్కపక్క కీల మధ్య ఉన్న దూరంలో ఇంచుమించు మూడో వంతు. అదే డ్రమ్ నిమిషానికి 40 సార్లు తిరిగితే ఈ మార్పు పదో వంతుకు పడిపోయి చెవికి దాదాపు అందదు. నెమ్మది వేగంలో మనం వినేది శ్రుతి మార్పు కన్నా, శబ్దం ఒక్కో గోడకు తగిలి ఒక్కో దిక్కు నుంచి తిరిగి రావడమే. మీ కీబోర్డులోని ఎఫెక్ట్‌లో లోపించినది కూడా ఇదేనని నా అనుమానం. రెండు స్పీకర్లలోంచి వచ్చే అనుకరణ గది గోడలను ఇలా పలికించలేదు.

122, 147 వంటి పెద్ద లెస్లీ మోడళ్లలో 800 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని రెండుగా విడదీసి, పై భాగాన్ని హారన్‌కు, కింది భాగాన్ని 15 అంగుళాల స్పీకర్ ద్వారా డ్రమ్‌కు పంపుతారు. హారన్‌కు రెండు కొమ్ములు కనిపించినా శబ్దం ఒకదానిలోంచే వస్తుంది, రెండోది తూకం కోసం పెట్టిన మూగ కొమ్ము. ఇంట్లో హారన్ చేసేవారు చతికిలబడేది ఈ తూకం దగ్గరే. కొద్ది గ్రాముల తేడా ఉన్నా వేగం అందుకోగానే పెట్టె మొత్తం వణుకుతుంది, బేరింగు త్వరగా అరుగుతుంది, ఊడిపడితే మనుషులకు ప్రమాదం కూడా. మీ థర్మోకోల్ డ్రమ్ కర్మాగారంలో తూకం సరిచూసి వచ్చినది. స్వరాలలో ఎక్కువ భాగం, 300 హెర్ట్జ్ నుంచి పైకి ఉన్నదంతా, అదే చక్కగా తిప్పగలదు. అంతకన్నా కింది స్వరాల అలలు మీటరుకు పైగా పొడవుంటాయి కనుక చిన్న డ్రమ్ వాటిని ఏ దిక్కుకూ మళ్లించలేదు. వాటిని కదలని 12 అంగుళాల స్పీకర్‌కు వదిలేయండి.

దీనికి పూర్వోదాహరణ కూడా ఉంది. లెస్లీ సంస్థను 1965లో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొన్న తరువాత, అదే యాజమాన్యంలో ఉన్న ఫెండర్ అనే గిటార్ల సంస్థ గిటారు వాద్యకారుల కోసం 1967లో వైబ్రటోన్ అనే పెట్టెను తెచ్చింది. అందులోనూ హారన్ లేదు. ఒక 10 అంగుళాల స్పీకర్, ఒక థర్మోకోల్ డ్రమ్, అంతే.

మోటార్లను తప్పకుండా వాడండి. అడుగున ఒకటి, పైన ఒకటి ఉన్నది రెండు వేగాల కోసం. నెమ్మది మోటారుకు కరెంటు అందినప్పుడు దాని ఇరుసు అయస్కాంత బలానికి కదిలి, చిన్న రబ్బరు చక్రం ద్వారా వేగపు మోటారు ఇరుసును తిప్పుతుంది. ఏ సమయంలోనైనా రెండింటిలో ఒక్కదానికే కరెంటు వెళ్లాలి. బేరింగులకు పల్చని మెషీన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు చాలు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే మిగిలిన నూనె కూడా కడుక్కుపోతుంది. రబ్బరు చక్రం గట్టిపడి ఉంటే మార్చండి, మోటార్ల కింద ఉండే రబ్బరు బుషింగులు కూడా మార్చండి. గట్టిపడిన బుషింగు మోటారు రొదను నేరుగా చెక్కకు అందిస్తుంది. బెల్టును బిగించి కట్టకండి. కొంచెం వదులుగా ఉంటేనే డ్రమ్ వేగం అందుకోవడంలో ఒక సాగుడు వస్తుంది. ఈ వాద్యానికి ప్రాణం ఆ వేగం మారే క్షణాలలోనే ఉందని నా అభిప్రాయం.

ఆర్గన్ యాంప్లిఫయర్‌ను వదిలేయండి. దాని విద్యుత్ సరఫరా మిగతా బోర్డులతో ముడిపడి ఉంటుంది, విడదీసే శ్రమకు తగిన ఫలితం రాదు. విప్పేటప్పుడు ప్లగ్గు తీసేసి ఉన్నా పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉండవచ్చు. రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

సికింద్రాబాద్ సౌండ్

టొరంటో మిత్రులు చెప్పిన చాలా విషయాలతో ఏకీభవిస్తాను. మోటార్ల విషయంలో మాత్రం ఇక్కడ, భారతదేశంలో, ఇలాంటి భాగాలు తెప్పించుకునేవారి కోసం ఒక హెచ్చరిక చేర్చాలి. ఆ మోటార్లు 60 హెర్ట్జ్, 117 వోల్టుల సరఫరాకు చేసినవి. మన 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 50 హెర్ట్జ్ మారదు కనుక అవి ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతాయి. 400 రావలసిన చోట 333 వస్తుంది. పైగా తక్కువ ఫ్రీక్వెన్సీలో పూర్తి 117 వోల్టులు ఇస్తే మోటారు వేడెక్కుతుంది. వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో, అంటే 100 వోల్టుల దరిదాపులకు, తగ్గించి, మోటారు పుల్లీ వ్యాసాన్ని ఐదో వంతు పెంచాలి. లేత్ పనివారు ఎవరైనా అల్యూమినియంలో ఆ పుల్లీని తిప్పి ఇస్తారు.

ఇంత తతంగం కన్నా నేను బ్రష్‌లెస్ డీసీ మోటారునే ఇష్టపడతాను. రెండు వేగాలనూ, ఒకదాని నుంచి మరొకదానికి మారే సమయాన్నీ విడివిడిగా సరిచేసుకోవచ్చు. థర్మోకోల్ డ్రమ్ తేలికైనది కావడంతో పాత మోటారుతో అది చాలా త్వరగా వేగం అందుకుంటుంది. పెద్ద లెస్లీలో హారన్ సుమారు ఒక సెకనులో వేగం అందుకుంటే, బరువైన డ్రమ్ వెనుకబడి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ సాగదీతను డీసీ కంట్రోలరుతో తెచ్చుకోవచ్చు. కంట్రోలరు స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్‌కు పైన ఉండేలా చూసుకోవాలి, లేకపోతే సన్నని ఈల పాటంతా వెంటాడుతుంది.

పాత రేడియోల రిపేరు, టొరంటో

50 హెర్ట్జ్ సంగతిలో మీ మాట పూర్తిగా సరైనది. కొలంబస్ మిత్రునికి ఆ ఇబ్బంది లేదు కనుక ఆయనకు మాత్రం పాత మోటార్లే మేలంటాను. నడిమి వయసు దాటిన మోటారే అయినా నూనె పడితే అది చేసే చప్పుడు గుడిలో ప్రార్థన మధ్య కూడా వినపడదు. మీకు సాగదీత కావాలంటే బెల్టు వదులుతో కొంత, డ్రమ్ ఇరుసుకు దగ్గరగా సమానంగా అతికించిన చిన్న బరువులతో కొంత వస్తుంది. బరువులు పెట్టేవారు తూకం మళ్లీ చూసుకోవాలి.

హ్యూస్టన్ మిక్సర్

పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు కనుక ఆ భాగం నేను రాస్తాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. ఉబ్బిన పాత ఆర్గన్ చెక్క మీద మమకారం పెట్టుకోవద్దు. అసలు లెస్లీలలో పొడవైన 122 ఎత్తు 41 అంగుళాలు, పొట్టి 145 ఎత్తు 33 అంగుళాలు. మీకున్నది ఒకే డ్రమ్ కనుక అంతకన్నా చిన్నదే సరిపోతుంది, ఇద్దరు అవసరం లేకుండా కారులోకి ఎక్కించవచ్చు. డ్రమ్ గదికి మూడు వైపులా చెక్క పట్టీల కిటికీలు ఉంచండి. వెనుక పలకను విప్పడానికి వీలుగా స్క్రూలతో బిగించండి. పిల్లలు తిరిగే హాలు కాబట్టి పట్టీల సందుల్లోంచి వేలు దూరకుండా లోపల సన్నని జాలీ తప్పనిసరి.

పాత స్పీకర్ ఇంటి గదిలో మోగడానికి పెట్టినది. సంఘం మొత్తం పాడుతున్నప్పుడు దానిమీద భారం పడితే కాయిల్ కాలిపోతుంది. అదే వ్యాసంలో ఉన్న 8 ఓముల గిటారు స్పీకర్ తీసుకోండి, అయస్కాంతం లోతు చట్రంలో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. 40 వాట్ల యాంప్లిఫయర్ చాలు, 122లో ఉన్నదీ అంతే. 300 హెర్ట్జ్ దగ్గర విడదీయడానికి సాదా క్రాస్ఓవర్ అయితే 8 ఓములకు డ్రమ్ స్పీకర్ వరుసలో సుమారు 66 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటర్, కింది స్పీకర్ వరుసలో సుమారు 4.2 మిల్లీహెన్రీల కాయిల్ సరిపోతాయి.

వేగం మార్చే కాలి స్విచ్‌లోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ 120 వోల్టులు రానివ్వకండి. స్విచ్‌లో 12 వోల్టులు, పెట్టె లోపల రిలే (ఆ 12 వోల్టులతో నడిచే విద్యుత్ స్విచ్), దాని కాంటాక్టులకు అడ్డంగా 100 ఓముల రెసిస్టర్‌తో కలిపి 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 తరగతి కెపాసిటర్. ఇది లేకపోతే వేగం మార్చిన ప్రతిసారీ స్పీకర్లలో టప్‌మని వినిపిస్తుంది.

కొలంబస్ కీబోర్డు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. హారన్ ఆలోచన మానుకున్నాను. పాత మోటార్లతోనే మొదలుపెడతాను. ఒక్క సందేహం మిగిలింది: హాలులో పెద్ద స్పీకర్లకు పంపాలంటే ఈ పెట్టె ముందు మైకు ఎక్కడ పెట్టాలి?

హ్యూస్టన్ మిక్సర్

ఒకే మైకు అయితే కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి పెట్టండి. మరీ దగ్గరగా పెడితే శబ్దం పెరిగి తగ్గడమే వినిపిస్తుంది, తిరుగుడు పోతుంది, పైగా డ్రమ్ విసిరే గాలి మైకులో బుసబుసమంటుంది. రెండు మైకులు ఉంటే ఒకదానికొకటి లంబకోణంలో, రెండు పక్కల కిటికీల దగ్గర పెట్టి ఎడమకూ కుడికీ పంచండి. మీ హాలులో స్పీకర్లన్నీ ఒకే మోనో లైనులో ఉంటే మాత్రం రెండో మైకు పెట్టకండి. రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. హాలు చిన్నదైతే అసలు మైకే వద్దు, పెట్టెను గోడ మూలకు రెండు మూడు అడుగుల దూరంలో ఉంచి వాయించండి.