జనవరిలో మేరీవిల్ వస్తున్నాను, అక్కడ రోజులు ఎలా గడుస్తాయి?

నిర్మల్ నుంచి, కొత్త స్టూడెంట్:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మిస్సోరి రాష్ట్రంలోని మేరీవిల్‌లో, నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీలో నాకు ఎంఎస్ సీటు వచ్చింది. వీసా స్టాంపింగ్ కూడా అయిపోయింది. జనవరి మొదటి వారంలో బయలుదేరుతున్నాను. మ్యాప్‌లో చూస్తే ఊరి చుట్టూ పొలాలు తప్ప ఏమీ కనబడట్లేదు. ఇంట్లో అమ్మకి టెన్షన్‌గా ఉంది, నాకూ ఉంది. కారు లేకుండా కుదురుతుందా? పార్ట్‌టైమ్ దొరుకుతుందా? ఏమేం తెచ్చుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జగిత్యాల, ఇప్పుడు కాన్సాస్ సిటీ:

తమ్ముడూ, కంగ్రాట్స్. నేను ఆ ఊళ్ళో రెండేళ్ళు చదువుకున్నాను. ఉద్యోగం కాన్సాస్ సిటీలో అయినా ఇప్పటికీ రెండు నెలలకోసారి అటు వెళ్ళొస్తుంటాను.

మ్యాప్‌లో నువ్వు చూసింది నిజమే. ఊరి జనాభా 10 వేల పైచిలుకు. నాడవే కౌంటీకి అదే ముఖ్య పట్టణం. మధ్యలో పాతకాలపు ఇటుకల కోర్టు భవనం, చుట్టూ షాపులు. పడమర వైపు యూనివర్సిటీ, దక్షిణం వైపు మెయిన్ స్ట్రీట్ మీద హైవీ, వాల్‌మార్ట్ అనే రెండు పెద్ద సూపర్‌మార్కెట్లు. అంతే ఊరు. అది దాటితే మొక్కజొన్న, సోయా. నిర్మల్ వాడివి కాబట్టి సోయా చేను నీకు కొత్త కాదు, కాకపోతే ఇక్కడ గట్లు కనబడవు, చూపు ఆనినంత దూరం ఒకటే చేను. నువ్వు వచ్చేసరికి అదీ ఉండదు, కోసేసిన మోళ్ళు, వాటి మీద మంచు.

నువ్వు అడగని సంగతి ఒకటి ముందు చెప్పాలి. జనవరి మొదటి వారానికి ఇంకా క్లాసులు మొదలవ్వవు. స్టూడెంట్లంతా సెలవుల్లో ఉంటారు. నేనూ జనవరిలోనే దిగాను. రూమ్మేట్లు ఇద్దరూ డాలస్‌లో చుట్టాల ఇంటికి వెళ్ళారు, తాళంచెవి మెయిల్‌బాక్స్‌లో పెట్టామని మెసేజ్ పెట్టారు. లోపలికి వెళ్తే ఫ్రిజ్‌లో సగం డబ్బా పెరుగు, ఒక నిమ్మకాయ. సాయంత్రం ఐదుంబావుకే చీకటి పడింది. హీటర్ ఆగి మళ్ళీ మొదలైనప్పుడల్లా ఎవరో వచ్చారేమో అని తలుపు వైపు చూసేవాణ్ణి. మూడు రోజుల్లో నేను నోరు తెరిచి మాట్లాడింది వాల్‌మార్ట్ క్యాషియర్‌తో మాత్రమే. అప్పట్లో నాన్నకి ఫోన్ చేసి "బాగానే ఉంది" అని చెప్పాను. అలా చెప్పి ఉండాల్సింది కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను. నువ్వు దిగే రోజు రూమ్‌లో కనీసం ఒక్కరైనా ఉండేలా ఇప్పుడే మాట్లాడుకో. ఎవరూ ఉండకపోతే వేరే తెలుగువాళ్ళ రూమ్‌లో నాలుగు రోజులు సర్దుకో. ఇండియన్ స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరూ కాదనరు. ఇంటికి ఫోన్ చేయడానికి ఇక్కడి రాత్రి 8 మంచి టైము, నిర్మల్‌లో పొద్దున ఏడున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి అక్కడ ఆరున్నర. మొదటి రెండు నెలలు మనసు బాగా లేకపోతే దాచుకోకు. యూనివర్సిటీలోనే కౌన్సెలింగ్ ఉంది. నేను నాలుగుసార్లు వెళ్ళాను, చాలా మేలు జరిగింది. ఇది మన పిల్లలు ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఇక కారు. మొదటి సెమిస్టర్ కారు లేకుండా గడపొచ్చు. క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఇల్లు చూసుకో, అద్దె ఇరవై ముప్ఫై డాలర్లు ఎక్కువైనా సరే. సిటీ బస్సుల మీద ఆశ పెట్టుకోకు. సామాన్లకి అందరూ కలిసి ఒక కారులో వెళ్తారు. అలా వెళ్ళినప్పుడు పెట్రోలు డబ్బులో నీ వాటా వాళ్ళు అడగకముందే పంపెయ్. చిన్న ఊళ్ళో స్నేహాలు చెడేది ఇలాంటి ఐదు డాలర్ల దగ్గరే.

నేను ఒకసారి ఎవర్నీ అడగలేక ఫిబ్రవరిలో బియ్యం బస్తా భుజాన వేసుకుని వాల్‌మార్ట్ నుంచి నడిచాను. రూమ్ దాదాపు రెండు మైళ్ళు. సగం దూరం వచ్చేసరికి వేళ్ళు తెలియడం మానేశాయి, గ్లవ్స్ లేవు. ఒక పికప్ ట్రక్ పక్కన ఆగింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన, మోకాళ్ళ దాకా బురద బూట్లు. బస్తా తనే అందుకుని వెనక వేశాడు, నన్ను ముందు కూర్చోమన్నాడు. హీటర్ గాలి నా చేతుల వైపు తిప్పి, "వేడి నీళ్ళలో పెట్టకు, గోరువెచ్చటి నీళ్ళే" అని రెండుసార్లు చెప్పాడు. ఆయనది పందుల ఫారం, సోయా కూడా వేస్తాడట. మా నాన్న వరి, పసుపు వేస్తాడని చెబితే పసుపు గురించే అడుగుతూ కూర్చున్నాడు, దుంప ఎలా నాటుతారు, ఎలా ఉడకబెడతారు అని. ఇల్లు వచ్చాక కూడా పది నిమిషాలు బండి ఆపి మాట్లాడాడు. ముక్కూ మొహం తెలియని ప్రతి బండీ ఎక్కమని చెప్పట్లేదు. కానీ ఈ ఊరివాళ్ళు పలకరిస్తే తల వంచుకుని వెళ్ళిపోకు. రోడ్డు మీద ఎదురొచ్చే బండివాళ్ళు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతారు, అది నమస్కారం. నువ్వూ చెయ్యి ఎత్తు.

కారు కొనేటప్పుడు రెండే జాగ్రత్తలు. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, అమ్మేవాడి సంతకంతో చేతికి రాకుండా డబ్బు ఇవ్వకు. కొన్న 30 రోజుల్లో నీ పేరు మీదకి మార్పించుకో, ట్యాక్స్ కూడా అప్పుడే కట్టాలి. లైసెన్స్ రాతపరీక్షలో 25 ప్రశ్నలకి 20 సరిగ్గా రాయాలి, పుస్తకం రెండుసార్లు చదివితే చాలు. ఆగి ఉన్న స్కూల్ బస్ ఎర్ర లైట్లు వెలుగుతుంటే దాటి వెళ్ళకూడదు, అది మాత్రం బుర్రలో పెట్టుకో.

పార్ట్‌టైమ్ గురించి నిజం చెప్పాలి. ఎఫ్-1, అంటే మన స్టూడెంట్ వీసా మీద, క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేయొచ్చు. డైనింగ్ హాల్, లైబ్రరీ, క్లీనింగ్, అన్నీ ఉంటాయి, కానీ మొదటి సెమిస్టర్‌లోనే దొరుకుతుందని లెక్క వేసుకుని రాకు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో. ఉద్యోగం దొరికాక, జీతానికీ ట్యాక్స్‌కీ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి సెయింట్ జోసెఫ్ వెళ్ళాలి, 45 మైళ్ళు. బయట గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోల్ బంకులో, క్యాష్‌కి పని ఇప్పిస్తామని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు తమ్ముడూ. పట్టుబడితే వీసా స్టేటస్ పోతుంది. పైగా అక్కడ రాత్రి డ్యూటీ అంటే ప్రాణం మీదికి వచ్చే పని. నాతో చదివిన ఒకతను అప్పుల ఒత్తిడి తట్టుకోలేక వెళ్ళాడు. చేయించుకున్న ఓనరు రెండు నెలల జీతం ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేకపోయాడు, చెబితే ముందు తనే దొరుకుతాడు. ఆ రెండు నెలలు వాడు నిద్రపోవడం నేను చూడలేదు.

ఇల్లు దిగిన రోజే ప్రతి గదీ ఫోన్‌లో వీడియో తీసి ఓనరుకి మెయిల్ చెయ్. మా ఓనరు ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ మరకకి డిపాజిట్ మొత్తం పట్టుకున్నాడు. ఆ మరక మేం రాకముందు నుంచే ఉంది, మా దగ్గర రుజువు లేదు. మిస్సోరి చట్టం ప్రకారం ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా ఎందుకు కోశారో రాసి ఇవ్వాలి. వీడియో ఉంటే మాట్లాడే ధైర్యం ఉంటుంది.

మిగతావి పెద్ద కష్టం కాదు. ఏప్రిల్ నుంచి టోర్నడో సైరన్లు వినబడతాయి. ఫోన్‌కి "వార్నింగ్" అని వస్తే బేస్‌మెంట్‌లోకి, అది లేకపోతే కిటికీలు లేని బాత్‌రూమ్‌లోకి వెళ్ళు. "వాచ్" అంటే గమనిస్తూ ఉండు అని మాత్రమే. ఎండాకాలం మొజింగో చెరువు చాలా బాగుంటుంది. క్యాంపస్‌లో చెట్లని చూస్తూ తిరుగు, రాష్ట్రం దాన్ని మిస్సోరి ఆర్బొరేటమ్‌గా, అంటే రకరకాల చెట్లు పెంచి చూపించే తోటగా, గుర్తించింది. సెప్టెంబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మొదలైతే ఊరంతా ఆకుపచ్చ చొక్కాలే. మన యూనివర్సిటీ జట్టు బేర్‌క్యాట్స్ కాలేజీ పోటీల రెండో శ్రేణి, డివిజన్ 2లో ఆరుసార్లు జాతీయ చాంపియన్లు. ఆట అర్థం కాకపోయినా మ్యాచ్‌కి వెళ్ళు. మా ప్రొఫెసర్ నాతో మొదటిసారి చనువుగా మాట్లాడింది స్టేడియం మెట్ల మీదే.

రాజమండ్రి, మేరీవిల్‌లోనే ఉంటున్నాను:

బాబూ, అన్నయ్య అన్నీ చెప్పారు, వంట సంగతి నేను చెబుతాను.

హైవీలో, వాల్‌మార్ట్‌లో కూరగాయలు, పాలు, కొన్ని రకాల పప్పులు దొరుకుతాయి. సోనా మసూరి, చింతపండు, కరివేపాకు, గోంగూర కావాలంటే కాన్సాస్ సిటీ దాటి ఓవర్‌లాండ్ పార్క్ వైపు వెళ్ళాలి, వెళ్ళడానికే రెండు గంటలు. అందుకే నెలకోసారి వెళ్ళి తెచ్చుకుంటాం. కరివేపాకు కడిగి, బాగా ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెడితే నెలంతా వస్తుంది. అదే రోజు ఆ పక్కనే షానీ అనే ఊళ్ళో ఉన్న హిందూ టెంపుల్‌కి కూడా వెళ్ళొస్తాం.

వచ్చేటప్పుడు మూడు లీటర్ల కుక్కర్, దానికి రెండు గాస్కెట్లు, పోపుల డబ్బా, కారం, పచ్చళ్ళు సీల్ చేయించి తెచ్చుకో. మటన్, చికెన్ పచ్చళ్ళు తేవద్దు. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పళ్ళు కూడా వద్దు. ఎయిర్‌పోర్ట్‌లో తిండి వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పు. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి ఫ్యాన్ వెయ్యి, లేకపోతే స్మోక్ అలారం బిల్డింగ్ అంతా వినిపిస్తుంది. దాని బ్యాటరీ మాత్రం ఎప్పుడూ పీకొద్దు.

ఇంకొకటి. జ్వరం వస్తే సరాసరి ఎమర్జెన్సీకి పరిగెత్తకు. ముందు యూనివర్సిటీ వెల్‌నెస్ సెంటర్‌కి వెళ్ళు. మా మరిది మామూలు జ్వరానికి రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్తే, ఇన్సూరెన్స్ పోను ఇంకా వెయ్యి డాలర్లు చేతి నుంచి కట్టాడు. ఊపిరి ఆడకపోవడం, గుండె నొప్పి లాంటివైతే మాత్రం డబ్బు గురించి ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యి.

అమ్మగారికి నా నంబర్ ఇవ్వు, నీకు ప్రైవేటుగా పంపుతాను. నేను మాట్లాడతాను.

నిర్మల్ నుంచి, కొత్త స్టూడెంట్:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. మీ మెసేజ్‌లు అమ్మకి చదివి వినిపించాను. పికప్ ట్రక్ పెద్దాయన గురించి మళ్ళీ చదవమంది. రూమ్మేట్లని అడిగాను, వాళ్ళు 12వ తేదీ దాకా రారట. నా ఫ్లైట్ 5వ తేదీ రాత్రి 9:40కి కాన్సాస్ సిటీలో దిగుతుంది. అక్కడి నుంచి క్యాబ్ దొరుకుతుందా? చలి జాకెట్ హైదరాబాద్‌లో కొనాలా, అక్కడ కొనాలా?

జగిత్యాల, ఇప్పుడు కాన్సాస్ సిటీ:

క్యాబ్ వద్దు. ఎయిర్‌పోర్ట్ నుంచి మేరీవిల్ గంటన్నర దారి, ఆ టైములో అంత దూరం ఎవరూ రారు, వచ్చినా చాలా అడుగుతారు. నేను వస్తాను. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లోనే పడుకో. చీకటి పడ్డాక రోడ్డు మీదకి జింకలు వస్తాయి, తారు మీద కనబడని మంచు పేరుకుని ఉంటుంది. పొద్దున టిఫిన్ చేసి బయలుదేరదాం. దారిలో బియ్యం, పప్పు, చింతపండు కొని నీ రూమ్‌లో దింపుతాను. 12 దాకా ఎవరూ లేరు అంటున్నావు కదా, అక్క వాళ్ళ బిల్డింగ్‌లో మన అబ్బాయిలు ఇద్దరు సెలవులకి ఎక్కడికీ వెళ్ళలేదు, వాళ్ళతో మాట్లాడాను, వాళ్ళ హాల్లో పరుపు ఖాళీగా ఉందట.

జాకెట్ అక్కడ కొనకు, హైదరాబాద్ జాకెట్లు ఈ చలికి ఆగవు. ఉన్నితో చేసిన లోపలి బట్టలు రెండు జతలు, మందం సాక్సులు తెచ్చుకో చాలు. నా పాత జాకెట్ ఉంది, గ్లవ్స్ కూడా. ఎయిర్‌పోర్ట్‌కి తెస్తాను, తలుపు బయటికి వచ్చే ముందే వేసుకోవాలి. నీ ఎత్తు ఎంతో చెప్పు, ఫ్లైట్ నంబర్ పెట్టు.